శ్రీశైలం కాలిబాటలో జీపీఎస్

శ్రీశైల మల్లికార్జునుని దర్శనానికి నల్లమల అడవి గుండా కాలినడకన వెళ్ళే ఆచారం శతాబ్దాల నాటిది. 14వ శతాబ్దంలో రెడ్డిరాజ్య స్థాపకుడైన ప్రోలయ వేమారెడ్డి కొండ ఎక్కే యాత్రికుల కోసం మెట్లు కట్టించాడు. భ్రమరాంబను తమ ఇంటి ఆడపడుచుగా భావించే కన్నడ భక్తులు నేటికీ ఉగాదికి ముందు ఉత్తర కర్ణాటక నుంచి రోజుల తరబడి నడిచి, నంద్యాల జిల్లా ఆత్మకూరు సమీపంలోని వెంకటాపురం దగ్గర అడవిలో ప్రవేశించి, నాగలూటి, పెద్దచెరువు, భీముని కొలను, కైలాసద్వారం మీదుగా క్షేత్రం చేరుకుంటారు. ఈ అడవి పులుల అభయారణ్యం కావడంతో లోపల ఊళ్ళు అరుదు, చాలాచోట్ల సెల్‌ఫోన్ సిగ్నల్ అందదు. సిగ్నల్ లేనిచోట ఫోన్ దారి చూపలేదన్న నమ్మకంతో యాత్రికులు దానిని సంచిలో పెట్టేస్తుంటారు గానీ, ఆ నమ్మకం సరైనది కాదు.

జీపీఎస్ అనేది భూమికి సుమారు 20,200 కిలోమీటర్ల ఎత్తున తిరిగే అమెరికా ఉపగ్రహాల వ్యవస్థ. 1995 నుంచి పూర్తిస్థాయిలో పనిచేస్తున్న ఈ వ్యవస్థలో ప్రతి ఉపగ్రహమూ తన స్థానాన్నీ, తనలోని పరమాణు గడియారం చూపే సమయాన్నీ రేడియో తరంగాలుగా నిరంతరం వెదజల్లుతుంది. ఆ తరంగం నేలకు చేరడానికి సెకనులో పదిహేనో వంతు కాలం పడుతుంది; ఆ కాలాన్ని బట్టి ఫోన్ ఒక్కొక్క ఉపగ్రహం ఎంత దూరంలో ఉందో లెక్కగట్టి, మూడింటి దూరాలతో తన చోటునూ, నాలుగోదాని సాయంతో తన గడియారంలోని తేడానూ తేల్చుకుంటుంది. ఆ తేడా సెకనులో పదిలక్షలవ వంతు ఉన్నా దూరంలో 300 మీటర్ల పొరపాటు వస్తుంది కాబట్టి నాలుగో ఉపగ్రహం తప్పనిసరి. ఈ వ్యవహారమంతటిలో ఫోన్ వినడమే తప్ప తిరిగి పంపేది ఏమీ లేదు కనుక, సెల్ టవర్ లేని లోయలోనూ ఆకాశం కనిపిస్తే చాలు, స్థానం తెలుస్తుంది. ఇంటర్నెట్ ఉన్నప్పుడు ఏ ఉపగ్రహం ఎక్కడుందో ఫోన్‌కు ముందే అందుతుంది. లేనప్పుడు ఆ వివరాన్ని కూడా ఉపగ్రహాల నుంచే సేకరించుకోవాలి కాబట్టి మొదటిసారి కొన్ని నిమిషాలు ఆలస్యం కావచ్చు. ఆ కాసేపు ఓపిక పట్టనివారే జీపీఎస్ పనిచేయలేదని చెబుతుంటారు.

అసలు చిక్కు పటంతో వస్తుంది. ఉపగ్రహాల సాయంతో ఫోన్‌కు తెలిసేది తానున్న చోటి అక్షాంశ రేఖాంశాలు మాత్రమే. వాటి కింద కనిపించే పటం ఇంటర్నెట్ ద్వారా వచ్చేది కనుక, ముందుగా ఫోన్‌లోకి దించుకోకపోతే తెల్లని తెర మీద ఒక నీలిచుక్క మిగులుతుంది. గూగుల్ మ్యాప్స్‌లో పటాన్ని దించుకున్నా, ఇంటర్నెట్ లేనప్పుడు అది వాహనాలకు దారి చెబుతుందే గాని నడకదారి చెప్పదు. ఆత్మకూరు నుంచి శ్రీశైలానికి వాహనాల దారి దోర్నాల మీదుగా చుట్టి వెళుతుంది. కాబట్టి పాదచారికి కావలసింది, ఇదివరకు ఆ బాటలో నడిచినవారి ఫోన్ నమోదు చేసిన జాడ. ‘ట్రాక్’ అని పిలిచే ఈ జాడను జీపీఎక్స్ ఫైలుగా తీసుకుని, స్వచ్ఛంద కార్యకర్తలు తయారుచేసే ఓపెన్ స్ట్రీట్ మ్యాప్ ఆధారంగా పనిచేసే ఏదైనా యాప్‌లో ఇంటి దగ్గరే తెరిచి పెట్టుకుంటే, అడవిలో నీలిచుక్క ఆ గీత మీదే ఉందో, పక్కకు జరిగిందో కంటికి కనిపిస్తుంది.

భీముని కొలను దగ్గర ఈ చుక్కను కొంత అనుమానంతోనే చూడాలి. మెట్లు లోయలోకి దిగి మళ్ళీ నిటారుగా కైలాసద్వారానికి ఎక్కే ఆ చోట, ఉపగ్రహ తరంగాలు రాతి గోడలకు తగిలి మళ్ళి రావడం వల్ల ఫోన్ దూరాన్ని ఎక్కువగా లెక్కగడుతుంది. ఆరుబయట ఐదారు మీటర్లకు మించని పొరపాటు ఇక్కడ పదుల మీటర్లకు పెరగవచ్చు. నిలబడ్డది మెట్ల మీదే అయినా చుక్క పక్కనున్న పొదల్లో కనిపిస్తే, నమ్మవలసింది కాళ్ళ కింది రాతినే.

బ్యాటరీ విషయంలో ఏరోప్లేన్ మోడ్ మేలు చేస్తుంది. లేని టవర్ కోసం వెతుకులాట ఆగిపోతుంది, చాలా ఫోన్లలో జీపీఎస్ మాత్రం పనిచేస్తూనే ఉంటుంది.

ఎవరైనా ఎండదెబ్బకు పడిపోయినప్పుడు తెర మీది అంకెలు ప్రాణం నిలపగలవు. శ్రీశైలం దాదాపు 16.07 ఉత్తర అక్షాంశం, 78.87 తూర్పు రేఖాంశం దగ్గర ఉంది. అయితే దశాంశ బిందువు తరువాత రెండు అంకెలే చెబితే అది కిలోమీటరు మేర ప్రదేశాన్ని సూచిస్తుంది, నల్లమలలో ఆ కిలోమీటరు మధ్య ఒక లోయే ఉండవచ్చు. ఐదు అంకెలు చెబితే మీటరు మేరకు చోటు తెలుస్తుంది. ఆ అంకెలను కాగితం మీద రాసి, సిగ్నల్ అందే చోటికి వెళ్ళే మనిషి చేతికిస్తే, సాయం నేరుగా అక్కడికే వస్తుంది.

అయితే ఏ చెలమలో నీరు ఇంకిపోయిందో, ఏ మలుపులో ఎలుగుబంటి తిరుగుతోందో ఉపగ్రహానికి తెలియదు. అది అటవీ సిబ్బందికీ, అక్కడి చెంచులకూ తెలుసు. తెరమీద దగ్గరగా కనిపించే అడ్డదారి కోసం అనుమతించిన బాటను విడిచిపెట్టడం చట్టరీత్యా తప్పు, ప్రాణాలకూ ముప్పు. దారిపొడవునా యాత్రికులకు అన్నం, నీళ్ళు అందించే సేవాసంఘాలు తమ శిబిరాల అక్షాంశ రేఖాంశాలను ఉగాది యాత్రకు ముందే తెలుగులోనూ కన్నడంలోనూ అచ్చువేసి, వెంకటాపురం దగ్గర ప్రతి బృందానికీ ఒక కాగితం చొప్పున ఇవ్వాలి.