తోట తాజాదనం.. తూకంలో న్యాయం

గుంటూరు: మంచు తడి ఆరని గోంగూర కట్టలు, తొడిమ పచ్చగా ఉన్న వంకాయలు, గిల్లితే గోరు దిగే లేత సొరకాయలు.. తెల్లవారుతూనే రైతుబజారుకు వెళ్లేవారికి కనువిందు చేసే దృశ్యమిది. కొనడంకన్నా ఏరుకోవడంలోనే ఆనందం ఎక్కువ. ఆ ఆనందానికి ఆధారం ఒక్కటే.. పండించిన చేతులే తూకం వేయడం.

యార్డు వేరు.. బజారు వేరు

ఉమ్మడి గుంటూరు, ప్రకాశం జిల్లాల్లోని నల్లరేగడి నేలలు పత్తికి, మిరపకు పెట్టింది పేరు. గుంటూరు మిర్చి యార్డుకు ఆసియాలోనే అతి పెద్దదన్న ఖ్యాతి ఉంది. అక్కడికి సరకు టిక్కీల్లో చేరుతుంది. ఎగుమతుల గిరాకీని, శీతల గిడ్డంగుల్లోని నిల్వలను బట్టి ధర మారుతుంది. అది రైతు చేతిలో ఉండదు. పైగా ఈ పంటల సొమ్ము సీజన్‌లోనే అందుతుంది. కొద్దిపాటి చెక్కలో కూరగాయలు వేసే చిన్న రైతుకు ఏ రోజుకారోజు ఖర్చులు గడిపేది ఆకుకూరల బుట్టే.

పాతికేళ్లు దాటిన ప్రయత్నం

దళారుల ప్రమేయం లేకుండా రైతులే నేరుగా విక్రయించుకునేందుకు 1999 జనవరి 26న ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో రైతుబజార్లకు శ్రీకారం చుట్టారు. పంజాబ్‌లో 1987లో మొదలైన ‘అప్నీ మండీ’ కూడా ఈ కోవలోనిదే. గుర్తింపు కార్డు పొందిన రైతులకు ఇక్కడ అమ్ముకునే అవకాశం కల్పిస్తారు. టోకు మార్కెట్ ధరలను పరిశీలించి ఏ రోజు ధరలు ఆ రోజు ఉదయమే నిర్ణయించి బోర్డుపై రాస్తారు. అవి టోకు ధరకన్నా ఎక్కువగా, బయటి చిల్లర ధరకన్నా తక్కువగా ఉండాలన్నది నియమం. అటు రైతుకు, ఇటు వినియోగదారుకు మేలు కలిగించే సూత్రమిదే. స్థానికంగా అంతగా పండని ఉల్లి, బంగాళాదుంప వంటివాటి విక్రయాలను స్వయం సహాయక సంఘాల మహిళలకు కూడా అప్పగిస్తున్నారు.

ఏ కాలానికి ఆ రుచి

కార్తికంలో ఉసిరి, ఆ వెంటనే చింతకాయ, సంక్రాంతి తరువాత కొరివికారానికి పండుమిరప, వేసవిలో ఆవకాయకు పుల్లమామిడి.. బజారులో బుట్టలు చూస్తే చాలు, కాలం తెలిసిపోతుంది. ఎర్రకాడ గోంగూరకు పులుపెక్కువ. కొస పుటుక్కున విరిగితే బెండకాయ లేతది. దోసకాయ చేదో కాదో చిన్న ముక్క రుచి చూస్తేనే తేలుతుంది. ఎప్పుడు కోశారు, పురుగు మందు చల్లి ఎన్నాళ్లయింది అన్న ప్రశ్నలకు సమాధానం చెప్పగలిగేది సాగు చేసినవారే.

బోర్డు చూడండి.. కార్డు అడగండి

రైతు ముసుగులో వ్యాపారి కూర్చుంటే రైతుబజారు పేరుకే మిగులుతుంది. తాజాదనమూ, ధర లాభమూ రెండూ పోతాయి. అందువల్ల సంచి తెరిచే ముందే ధరల బోర్డు చూడాలి. అనుమానం వస్తే గుర్తింపు కార్డు చూపమని అడగాలి. కాటాపై అంకె సున్నా వద్ద ఉందో లేదో గమనించాలి. తేడా ఉంటే అక్కడే ఉండే ఎస్టేట్ అధికారి దృష్టికి తీసుకెళ్లాలి. బోర్డు ధరపై మళ్లీ బేరమాడటం మాత్రం తగదు. అక్కడ తగ్గే ప్రతి రూపాయీ దళారీది కాదు, రైతుదే.