స్తనములందు బుట్టు అరుదగు కంతులు

రొమ్ములో గట్టి గడ్డ తగిలినచో ఉపేక్షింపక వైద్యునకు చూపవలెనను మాట నేడు చదువుకొన్న యిల్లాండ్రకెల్ల తెలిసినదే. ఆ మాట సత్యము. కాని యంతమాత్రము చాలదు. గడ్డ లేకుండనే వచ్చు క్యాన్సరు కలదు. చనుమొనపై తామరవలె కనబడునది కలదు. బాలెంతకు వచ్చు వాపువలె రొమ్మునెల్ల ఎఱ్ఱబరచి వేడి పుట్టించునది కలదు. ఇందుకు విరుద్ధముగా, కొలది మాసములలో కొబ్బరికాయంత పెరిగి యింటివారినెల్ల హడలగొట్టియు, తుదకు క్యాన్సరు కానిదియు కలదు. ఇవి యన్నియు అరుదైనవే. అరుదగుటచేతనే వీనిని పోల్చుకొనుటలో ఆలస్యమగుచున్నది. ఆ యాలస్యమే కొందరి ప్రాణములకు ముప్పు తెచ్చుచున్నది. కావున సోదరీమణులు వీని నడకను కొంత తెలిసికొనియుండుట మేలు.

స్తనములో పాలు పుట్టు గ్రంథులును, ఆ పాలను చనుమొనకు చేర్చు సన్నని నాళములును, వీనిని పట్టియుంచు కండవంటి మెత్తని పదార్థమును, క్రొవ్వును, రక్తనాళములును ఉన్నవి. సాధారణముగా వచ్చు క్యాన్సరు నాళముల లోపలి పొరలోగాని గ్రంథులలోగాని పుట్టును. అది ముందుగా చంకలోని బిళ్ళలకు ప్రాకుట పరిపాటి. కంతి వేరొకచోట పుట్టినచో దాని నడకయు వేరగును, చికిత్సయు వేరగును. ఈ సంగతి మనసున నుంచుకొనిన తక్కిన విషయము సులభముగా బోధపడును.

ఆకుపొరల కంతి

స్తనములోని కంతులలో నూటికి ఒకటికంటె తక్కువగా కనబడు నీ కంతికి ఫిల్లోడిస్ అని పేరు. 1838లో యోహానెస్ ముల్లర్ అను జర్మను పండితుడు దీనిని వర్ణించి పేరిడెను. కంతిని కోసి చూచినపుడు లోపల ఆకులవలె పొరలు విచ్చుకొని యుండుటచే, ఆకు అను నర్థమిచ్చు గ్రీకు మాటను ఆయన గ్రహించెను. ఇది గ్రంథులను పట్టియుంచు మెత్తని పదార్థమునుండి పుట్టును. నలువది, ఏబది యేండ్ల నడిమి స్త్రీలలో ఎక్కువగా వచ్చును.

పడుచువారి రొమ్ములో వ్రేలిక్రింద జారిపోవుచుండు నున్నని చిన్న గడ్డ యొకటి తరచుగా కనబడును. వైద్యులు దానిని ఫైబ్రోఅడినోమా యందురు. అది క్యాన్సరు కాదు. ఫిల్లోడిస్ కంతియు మొదట అట్లే నున్నగా, నొప్పి లేక, జారుచు నుండును. అందుచే నొకదానిని చూచి మరియొకటి యని భ్రమపడుట కలదు. భేదమేమనగా ఇది త్వరత్వరగా పెరుగును. ఏండ్ల తరబడి చిన్నదిగా ఉండిన గడ్డ హఠాత్తుగా పెరుగ మొదలిడుటయు కలదు. మిక్కిలి పెరిగినపుడు పైచర్మము సాగి నిగనిగలాడును. నీలి నరములు పైకి తేలును. చూచువారికి గుండె జల్లుమనును.

అయినను పరిమాణమును చూచి నిరాశ చెందరాదు. ఈ కంతులలో నధికభాగము ప్రాణాపాయము లేనివి. కొన్ని మధ్యరకమువి, కొన్ని మాత్రము నిజముగా దుష్టమైనవి. ఏది యే రకమో సూక్ష్మదర్శిని క్రింద పరీక్షించిననేగాని తెలియదు. సన్నని సూదితో తీసిన నాలుగు కణములు దీనికి చాలవు. లావుపాటి బోలుసూదితో చిన్న ముక్క తీయవలసియుండును. ఒక్కొక్కప్పుడు కంతినంతయు తీసి పరీక్షించిన పిమ్మటనే నిజము తేలును.

దీనికి ముఖ్యచికిత్స శస్త్రమే. ఫైబ్రోఅడినోమావలె కంతిని మాత్రము ఒలిచి తీసినచో, గరికను పైపైన కోసిన మరల చిగిర్చునట్లు, ఇదియు మరల పుట్టవచ్చును. కావున కంతి చుట్టునుండు మంచి భాగమును కూడ కొంత చేర్చి తీయుదురు. మిక్కిలి పెద్దదైనపుడు స్తనమునంతయు తీయవలసిరావచ్చును. దుష్టమైన రకము వ్యాపించునపుడు రక్తము ద్వారా ఊపిరితిత్తులకు పోవునేగాని చంకబిళ్ళలకు పోవుట బహు తక్కువ. అందుచే సాధారణ క్యాన్సరునకు వలె చంకలోని బిళ్ళలను దీనికి తీయవలసిన పని ప్రాయికముగా ఉండదు. మరల పుట్టునది తరచుగా మొదటి రెండు మూడేండ్లలోనే పుట్టును. కావున గాయము మానినదిగదా యని వైద్యుని దర్శనము మానరాదు.

తామర కాని తామర

1874లో లండనులోని సెయింట్ బర్తోలోమ్యూ ఆసుపత్రి వైద్యుడైన సర్ జేమ్స్ పాజెట్ ఒక చిన్న వ్యాసము ప్రకటించెను. చనుమొనపై మానని పుండువంటి చర్మరోగము కలిగిన సుమారు 15 మంది స్త్రీలను ఆయన చూచెను. వారందరికిని రెండేండ్లలోపుగనే, పెక్కుమందికి ఏడాదిలోపుగనే, ఆ స్తనములో క్యాన్సరు బయలుపడెను. నాటినుండి యీ రోగము ఆయన పేరనే పిలువబడుచున్నది.

ఇది స్తన క్యాన్సరులలో నూటికి మూడునాలుగింటికి మించదు. చనుమొన ఎఱ్ఱబడును; దురద పుట్టును; పొట్టు రాలును; రసి కారి చెక్కు కట్టును; రవికెకు మరక యంటును. మన స్త్రీలు దీనిని తామరయని తలచి పసుపు పూయుదురు. అంగటి లేపనము రాయుదురు. లేపనముచే నాలుగు దినములు తగ్గినట్లు కనబడి మరల వచ్చుటయు కలదు. ఆ తగ్గుదలయే మోసము చేయుచున్నది.

రెండింటికిని భేదము తెలియుటకు కొన్ని గుర్తులు కలవు. తామరవంటి చర్మరోగములు తరచుగా రెండు స్తనములకును వచ్చును. మొనను విడిచి చుట్టునున్న నల్లని వలయమున మొదలగును. పాజెట్ రోగము ఒక వైపుననే, మొననుండియే మొదలై వలయమునకు ప్రాకును. రోగము ముదిరిన మొన లోనికి పీకుకొనిపోవును. ఈ రోగుల్లో ఇంచుమించు సగముమందికి చేతికి గడ్డయే తగులదు. కావున ఒక చనుమొనపై రెండు మూడు వారములలో మానని పుండుండినచో, లేపనములు మార్చుచు కాలము పుచ్చక, ఆ చర్మమునుండి చిన్న ముక్క తీయించి పరీక్ష చేయింపవలయును. రోగము నాళములను దాటక ముందే పట్టువడినచో నయమగుట కవకాశములు చాల మెండు.

వాపువలె వచ్చు క్యాన్సరు

అన్నింటను కఠినమైనది ఇది. అమెరికాలో స్తన క్యాన్సరులలో నూటికి 1 మొదలు 5 వరకు మాత్రమే యీ రకమువి. కొలది వారములలోనే రొమ్ము బరువెక్కి వాచును. ఎఱ్ఱబడును లేక కమిలినట్లగును. తాకిన వేడిగా ఉండును. చామనచాయ స్త్రీలలో ఎఱుపు స్పష్టముగా కనబడకపోవచ్చును. చర్మము నల్లబడినట్లు మాత్రము తోచును. చర్మము మందమై బత్తాయితొక్కవలె గుంటలు పడును. క్యాన్సరు కణములు చర్మములోని సన్నని రసనాళములను పూడ్చివేయుటయే యిందుకు కారణము. గడ్డ తగులకపోవచ్చును. ఎక్సురే చిత్రములోను కంతి స్పష్టముగా కనబడకపోవచ్చును.

పాలిచ్చు తల్లికి పాలు గడ్డకట్టి రొమ్ము వాచుట మనము తరచుగా చూచునదే. ఆముదపాకు వెచ్చజేసి కట్టుదురు. బెల్లమును సున్నమును కలిపి పట్టు వేయుదురు. వైద్యుడు చీము పట్టకుండ మందిచ్చును. అది సామాన్యముగా వారము పది దినములలో తగ్గుముఖము పట్టును. అట్లు తగ్గనిచో, ముఖ్యముగా జ్వరము లేకున్నచో, లేక పాలిచ్చుట మానిన యేండ్లకు ఈ వాపు వచ్చినచో, మందును మార్చి మార్చి ఇచ్చుట తగదు. ముక్క తీసి పరీక్షింపుమని మనమే వైద్యు నడుగవలెను. ఈ రకమునకు ముందుగా శస్త్రము చేయరు. మొదట మందులను నరములలో నెక్కించి రోగమును అణచి, పిమ్మట స్తనమును తీసి, అటుపై కిరణచికిత్స చేయుదురు. ఈ క్రమము తప్పరాదు.

భయమును మితిమీరరాదు

రొమ్మునకు వచ్చు ప్రతి గట్టి గడ్డయు క్యాన్సరనుకొనుటయు తప్పే. మన దేశమున క్షయరోగము స్తనమునకు వచ్చి, గడ్డకట్టి, చీముకారి, క్యాన్సరును పోలియుండుట కలదు. అది మాసముల తరబడి క్షయకిచ్చు మందులతోనే నయమగును, స్తనము తీయనక్కరలేదు. ముక్క పరీక్ష చేయింపకయే కత్తి పట్టిన ఎంత యన్యాయమగునో యోచింపుడు. కత్తి తగిలిన రోగము ప్రాకునను భయముచే ముక్కపరీక్షకు ఒప్పుకొననివారు మనలో పెక్కురు. ఆ భయమునకు ఆధారము లేదు. ఆ చిన్న ముక్కయే స్త్రీని అక్కరలేని శస్త్రమునుండియు, అక్కరగల శస్త్రము ఆలస్యమగుటనుండియు కాపాడుచున్నది.

ఇంకొక్క మాట. పురుషులకును స్తన క్యాన్సరు వచ్చును. మొత్తము స్తన క్యాన్సరులలో నూటికి ఒకటి వారిది. తండ్రికో, మామగారికో చనుమొనవెనుక గట్టి గడ్డ యున్నచో, అది ఆడువారి జబ్బు గదాయని నవ్వి ఊరకుండరాదు.

మన యిండ్లలో రోగమునకంటె సిగ్గు పెద్ద శత్రువు. పరాయి పురుషునకు రొమ్ము చూపుట యెట్లని కోడలు దాచును. పెండ్లి యీడు పిల్లకు పేరు వచ్చునని తల్లి దాచును. ఇంట శుభకార్యము కానిమ్మని అత్త దాచును. శుభకార్యము ముగియువరకు రోగము ఆగదు. చెన్నపురిలో వైద్యవిద్య నభ్యసించిన తొలి స్త్రీలలో నొకరైన డాక్టరు ముత్తులక్ష్మీరెడ్డి తన చెల్లెలు క్యాన్సరుచే మరణించుట చూచి, 1954లో అడయారులో క్యాన్సరు ఆసుపత్రిని నెలకొల్పిరి. నేడు హైదరాబాదు మొదలగు పట్టణములలోను ఇట్టి ఆసుపత్రులు కలవు. స్త్రీవైద్యులును ఎందరో కలరు. సిగ్గునకు నెపము లేదు.

స్నానము చేయునపుడు నెలకొకమారు అద్దములో చూచుకొనుడు. కొత్తగా గడ్డయో, మానని పుండో, తగ్గని వాపో, చర్మమున గుంటలో, రక్తపు చెమ్మయో కనబడినచో నొప్పి లేదని ఊరడిల్లకుడు. రెండు వారములకు మించి వేచియుండకుడు. ఇల్లాలు తన రొమ్మును గూర్చి పలుకు ఒక్క మాట, సకాలమున పలికినచో, ఇంటిల్లిపాదిని కాపాడును.