అట్ట మీద మంచుకొండలు – లోపల మన కీర్తనలు



మన ఇండ్లలో గూటిలోనో, ట్రంకు పెట్టెలోనో పాత పాటల క్యాసెట్లు ఇంకా కొన్ని మిగిలి ఉన్నాయి. వాటిని వినిపించే టేపు రికార్డర్లు మూలపడినా, అట్టలను పారవేయడానికి మనసు రాదు. ఈ నెల ఆ పెట్టెను ఒకసారి దించి, పైనున్న బొమ్మలను చూడండి. మీకు నవ్వు వస్తుంది. నవ్విన తరువాత మనము కలిసి ఆలోచించవలసిన సంగతి ఒకటి ఉన్నది.

కుక్క బొమ్మ రికార్డులు

క్యాసెట్లకు ముందు గ్రామఫోను రికార్డులు ఉండేవి. వాటిమీద గ్రామఫోను గొట్టము ముందు చెవి ఒగ్గి కూర్చున్న కుక్క బొమ్మ పెద్దలకు బాగా జ్ఞాపకము. ఆ కుక్క పేరు నిప్పర్. ఇంగ్లండు చిత్రకారుడు ఫ్రాన్సిస్ బరాడ్ 1898లో దానిని చిత్రించాడు. అది అతని అన్న పెంచిన కుక్క. అన్న మరణించిన తరువాత ఇతని దగ్గరకు వచ్చింది. 1899లో గ్రామఫోను కంపెనీ ఆ చిత్రమును కొన్నది. అందులో మొదట వేరే కంపెనీ యంత్రము ఉండగా, దానిమీద రంగు పూయించి తమ గ్రామఫోనును గీయించారు. సినిమా పాట అయినా, శాస్త్రీయ సంగీతమైనా, దేవుని పాట అయినా ఆ కంపెనీ రికార్డు మధ్యలో ఆ కుక్కే. స్తుతి పాట గిర్రున తిరుగుతుంటే కుక్క కూడా గిర్రున తిరిగేది!

అయినా ఆ బొమ్మకు మనము కొంత ఋణపడి ఉన్నాము. తన యజమానుని స్వరమును గుర్తుపట్టి వినుట అన్నది దాని భావము. గొర్రెలు కాపరి స్వరమును ఎరుగునని ప్రభువు చెప్పిన మాటను (యోహాను 10వ అధ్యాయము) అది మనకు జ్ఞాపకము చేస్తుంది.

అట్టకు బొమ్మ వచ్చిన విధము

మొదట రికార్డులను రంగులేని మందపు కాగితపు సంచులలో అమ్మేవారు. అమెరికాలో కొలంబియా కంపెనీలో పనిచేసిన అలెక్స్ స్టైన్‌వైస్ అను యువకుడు 1940 ప్రాంతములో అట్టమీద రంగుల బొమ్మ వేయించడము మొదలుపెట్టాడు. అమ్మకాలు పెరిగాయి. తక్కిన కంపెనీలూ అదే బాట పట్టాయి.

బొమ్మ వచ్చాక వింతలూ వచ్చాయి. 1970లలో అమెరికాలో వెస్ట్‌మినిస్టర్ గోల్డ్ అను పేరుతో పాత శాస్త్రీయ సంగీతమును చౌకగా మరల అమ్మారు. యువకులను ఆకర్షించుటకై అట్టలమీద వేళాకోళపు ఫోటోలు వేశారు. లోపల గంభీరమైన సంగీతము, పైన నవ్వులాట! మరొక ప్రక్క, వాద్య బృందమును నడిపించిన హెర్బర్ట్ ఫాన్ కారయాన్ వంటి వారి ముఖము అట్ట నిండా ఉండేది. కళ్ళు మూసుకొని, చేతులెత్తి ఆయన కనిపిస్తాడు. ఆ సంగీతమును కూర్చిన వాని పేరు ఏ మూలనో వెదకుకోవాలి.

మన క్యాసెట్ల అట్టలు

వారిని చూసి నవ్వే ముందు మన వాటిని చూద్దాము. 1963లో ఫిలిప్స్ కంపెనీ తెచ్చిన క్యాసెట్టు 1980లలో మన పల్లెలకు వచ్చింది. కర్నూలు, కడప బస్టాండు అంగళ్ళలో క్రైస్తవ పాటల క్యాసెట్లూ వరుసగా వ్రేలాడేవి. వాటి అట్టలమీద ఏమి ఉండేది? మంచుకొండలు, నీలి సరస్సు, పచ్చిక బయలు, సబ్బుతో కడిగినట్టు తెల్లని గొర్రెలు. అటువంటి ఒక అట్టను చూసి మా సంఘములోని గొర్రెల కాపరి అవ్వ ఒకరు, "అయ్యగారూ, ఈ గొర్రెలు యాడివి? మనవి ఎర్రవి, నల్లవి కదా! ఇంత గడ్డి మన సీమలో యాడుంది?" అని అడిగింది. మేము నవ్వాము గాని, అవ్వ మాట నిజమే. వాన కోసము ఆకాశము వైపు చూసే మన మెట్ట నేలలో ఆ పచ్చిక బయలు పగటి కలవంటిది.

ఇంకొక రకము ఉన్నది. మే నెల ఎండలో కోటు, టై కట్టుకొని, మైకు పట్టుకొన్న దైవసేవకుని నిలువెత్తు ఫోటో. సిలువ ఆయన భుజము వెనుక అగ్గిపుల్లంత. పాట వ్రాసిన భక్తుని పేరు ఎక్కడా ఉండదు. కారయాన్ గారికీ మనకూ ఈ విషయములో పెద్ద తేడా లేదు!

ఆ ముఖము ఎక్కడిది?

అన్నిటికంటె ఎక్కువగా అట్టలమీద కనిపించినది బంగారు ఛాయ జుట్టు, తెల్లని మేను గల యేసు ప్రభువు బొమ్మ. మన గోడలమీద క్యాలెండర్లలోనూ ఆ ముఖమే. వాటిలో మిక్కిలి ప్రసిద్ధమైనది చికాగో చిత్రకారుడు వార్నర్ సాల్మన్ వేసినది. 1924లో ఒక సంఘ పత్రిక ముఖచిత్రము కొరకే మొదట దానిని బొగ్గుతో గీశాడు. 1940లో రంగులలో వేశాడు. తరువాత అది 50 కోట్లకు పైగా ప్రతులుగా లోకమంతా వ్యాపించింది.

ఆ చిత్రకారుని మనము నిందించము. తన ప్రజల ముఖములో ప్రభువును చూసుకున్నాడు. ఆ బొమ్మ ఉన్న గదిలో కన్నీటితో ప్రార్థించిన తల్లులు ఎందరో! అయితే సువార్తలలో ప్రభువు ముఖవర్ణన ఎక్కడా లేదు. చీకటిలో ఆయనను పట్టి ఇచ్చుటకు యూదా ముద్దు పెట్టి గుర్తు చూపవలసి వచ్చింది (మత్తయి 26:48). ఆయన తన శిష్యులలో ఒకనివలె కనిపించేవాడని దీనివలన అనుకోవచ్చు గదా? ఎండలో నడిచిన ఆ గలిలయ దేశపు వడ్లవాని మేను మంచుకంటె మన మట్టి రంగుకే దగ్గర.

ఇది రంగు గొడవ మాత్రమే కాదు. ఆదివారపు బడిలో ఒక చిన్నపాప మమ్మును అడిగింది: "అయ్యగారూ, యేసుప్రభువుకు తెలుగు వచ్చునా?" ఎందుకమ్మా అంటే, గోడమీది బొమ్మ చూపి, "ఆయన దొర కదా" అన్నది. తన ప్రార్థన ఆయనకు అర్థమవుతుందో లేదోనని ఆ బిడ్డ బెంగ. ఇరుగు పొరుగువారు మన విశ్వాసమును "దొరల మతము" అంటే మనకు కోపము వస్తుంది. వారికి ఆ మాట అందించినది మన అట్టలే కాదా?

లోపల ఉన్నది మన పాటే

విచిత్రమేమనగా, ఆ అట్ట విప్పితే లోపల ఉన్నది చాలామట్టుకు మన సంగీతమే. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకము తీయండి. పాటల తలమీద రాగము, తాళము ఉంటాయి. పురుషోత్తమ చౌదరి గారు (1803–1890) మొదలైన భక్తులు మన పెద్దలు పాడుకొన్న రాగాలలోనే ప్రభువును స్తుతించారు. లండన్ మిషనరీ సంఘము కడపలో పని మొదలుపెట్టినది 1822లో. మన పల్లెలలో ఆరాధన నిలిచినది హార్మోనియము, కంజిర, తాళములతోనే. చెవికి మన ఊరు, కంటికి పరదేశము! ఇదే మన అట్టల దౌర్భాగ్యము.

కంటికి కూడా మన ఊరిని చూపినవారు లేకపోలేదు. అజరయ్య బిషప్పు గారు దోర్నకల్‌లో కట్టించి 1939లో ప్రతిష్ఠించిన దేవాలయములో మన దేశపు స్తంభములు, గుమ్మటములు ఉన్నాయి. గోవాకు చెందిన ఆంజెలో ద ఫొన్సెకా (1902–1967) మరియమ్మకు చీర కట్టి చిత్రించాడు. 1978లో వచ్చిన 'కరుణామయుడు' చిత్రములో విజయచందర్ గారు ప్రభువు పాత్ర ధరించగా, పల్లె ప్రజలు తెలుగు మాట్లాడే యేసును చూసి కన్నీరు కార్చారు.

మనము చేయదగినది

క్యాసెట్టు పోయినా అట్ట పోలేదు. ఇప్పుడు సెల్‌ఫోనులో పాటకు ముందు వచ్చే చిన్న బొమ్మే అట్ట. అదే మంచుకొండ, అదే కోటు, అదే నిలువెత్తు ఫోటో! యౌవనస్థులారా, మీ సంఘపు పాటను ఫోనులో పెట్టునప్పుడు మీ ఊరి బావి, జొన్నచేను, వేపచెట్టు, గొంగడి కప్పుకొన్న కాపరి, ఎర్ర గొర్రెల మంద – వీటిలో ఒకటి పెట్టండి. పాట వ్రాసినవారి పేరు, రాగము పేరు తప్పక వేయండి. సేవకులారా, మన ముఖము లేకుండా పాట వెళ్ళనిద్దాము. తల్లిదండ్రులారా, గోడమీది బొమ్మను చించనక్కరలేదు. ఎవరు, ఎక్కడ, ఎప్పుడు వేశారో బిడ్డలకు చెప్పండి. ఆయనకు తెలుగు వచ్చునని, మన సీమ మాట కూడా వచ్చునని చెప్పండి.

మనుష్యులు పైరూపమును చూస్తారు, దేవుడు హృదయమును చూస్తాడని సమూయేలు నేర్చుకొన్నాడు (1 సమూయేలు 16:7). దేవునికి మన అట్టతో పనిలేదు. కాని మన పొరుగువాడు మొదట చూసేది అట్టనే. లోపలి పాటకు తగిన అట్ట వేయుటకు ప్రభువు మనకు జ్ఞానము దయచేయును గాక. ఆమేన్.