గుంత ఇక్కడ.. ఖజానా ఎక్కడ?

కోహీర్ ఎర్రరాయి నుంచి ఉత్తర సముద్రం చమురు దాకా ప్రశ్న ఒక్కటే: తవ్వితే తరిగిపోయే సంపద చివరికి ఏమై మిగిలింది?

చలికాలం వచ్చిందంటే వాతావరణ వార్తల్లో కోహీర్ పేరు వినిపిస్తుంది. సీజన్‌లో ఇక్కడి జామపండ్లకు మంచి గిరాకీ. జహీరాబాద్ పక్కన ఎత్తు మీదున్న ఈ చెలకల కింద మరో సంపద ఉంది. ఊళ్లో ఎర్రరాయి అనే దాన్నే శాస్త్రవేత్తలు లాటరైట్ అంటారు. సుమారు 6.6 కోట్ల ఏళ్ల కిందట పారిన లావా నల్లరాయిగా గడ్డకట్టింది. లక్షల ఏళ్ల ఎండావానలకు దాని పైపొర శిథిలమైంది. నీటికి కరిగేవన్నీ కొట్టుకుపోగా ఇనుము, అల్యూమినియం మిగిలి ఎర్రరాయి అయ్యింది. జామ ఏటా కాస్తుంది. ఈ రాయి మళ్లీ కాయదు.

దీన్ని తవ్వడం కొత్తేమీ కాదు. 15వ శతాబ్దంలో బహమనీ సుల్తానులు రాజధానిని బీదర్‌కు మార్చినప్పుడు కట్టిన కోటలో ఈ జాతి రాయి ఉంది. ఇప్పుడు లాటరైట్ దారి వేరు. ఇనుము, అల్యూమినా కోసం సిమెంటు కర్మాగారాలు దీన్ని సున్నపురాయితో కలుపుతాయి. కోట రాయి ఎక్కడుందో చూపించగలం. టిప్పర్ ఎక్కి వెళ్లిన రాయికి బదులు ఏమొచ్చిందో చూపించగలమా?

ఒకే సముద్రం, రెండు ఖాతాలు

దేశాల స్థాయిలో ఈ ప్రశ్నకు జవాబు చెప్పే జంట నార్వే, బ్రిటన్. ఉత్తర సముద్రంలో రెండింటి చమురూ కాస్త అటూ ఇటూగా ఒకే కాలంలో బయటపడింది. నార్వేకు 1969లో ఎకోఫిస్క్, బ్రిటన్‌కు 1970లో ఫోర్టీస్ క్షేత్రం దొరికాయి. బ్రిటన్ ఆ డబ్బును ఏటా బడ్జెట్‌లో కలిపేసుకుంది. జాతీయ నిధి ఆలోచన వచ్చినా అమలు కాలేదు. 1999లో శిఖరానికి చేరిన చమురు ఉత్పత్తి ఆ తర్వాత మొత్తమ్మీద దిగుతూ వచ్చింది.

నార్వే 1990లో నిధి కోసం చట్టం చేసి, 1996లో మొదటి సొమ్ము జమ చేసింది. ఆ డబ్బును విదేశీ షేర్లలో, బాండ్లలో పెట్టింది. అసలు ముట్టకుండా, రాబడి అంచనా మేరకే బడ్జెట్‌కు వాడుకోవాలని 2001లో నియమం పెట్టుకుంది. నిధి విలువలో 4 శాతంగా ఉన్న ఆ పరిమితిని 2017లో 3 శాతానికి తగ్గించింది. 2024 డిసెంబరులో నిధి 20 లక్షల కోట్ల క్రోనర్లు దాటింది. అంటే ప్రతి పౌరుడి పేరున 35 లక్షల క్రోనర్లకు పైమాటే. బ్రిటన్ జనాభా నార్వేకు పన్నెండు రెట్లు కాబట్టి తలసరి పోలిక పూర్తి న్యాయం కాదు. అయినా ఈ రెండింటిలో తరిగిన చమురుకు బదులుగా ఫలానాది ఉందని చూపించగలిగేది నార్వే ఒక్కటే.

ఈ తరహా లెక్క కోసమే ప్రపంచ బ్యాంకు దేశాల సంపదపై నివేదికలు వేస్తోంది. ఏడాది ఉత్పత్తితో ఆగకుండా గనులు, అడవులు, యంత్రాలు, మనుషుల నైపుణ్యం అన్నిటికీ విలువ కడుతుంది. ఇక్కడో మెలిక ఉంది. నేలలోని సంపద తవ్వితేనే కాదు, ధర పడినా తగ్గుతుంది. 2014 జూన్‌లో 110 డాలర్లు దాటిన పీపా చమురు 2016 జనవరికల్లా 30 డాలర్ల కిందికి జారింది. కాబట్టి రెండు దేశాలను పోల్చేటప్పుడు నేలలో ఎంత ఉందన్నది సగం లెక్కే. తీసినదానితో ఏం కొన్నారన్నది మిగతా సగం.

మన పద్దులో ఏముంది?

నేలలోని సంపద చేజారిన అనుభవం తెలుగునేలకు పాతదే. 1886లో నిజాం సర్కారు గనుల హక్కులను లండన్‌లో పెట్టిన కంపెనీకి రాసిచ్చింది. ఆ వాటాల గోల్‌మాల్ ఎంత ముదిరిందంటే, 1888లో బ్రిటిష్ పార్లమెంటు సెలెక్ట్ కమిటీ విచారించాల్సి వచ్చింది. సింగరేణి బొగ్గు సర్కారు చేతికి రావడానికి 1945 దాకా ఆగాల్సి వచ్చింది.

గనులు తవ్వేవారు సర్కారుకు కట్టే రాయల్టీ పన్ను కాదని 2024 జులైలో సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం 8-1తో తేల్చింది. ఖనిజం తీసుకునే హక్కుకు బదులుగా ఇచ్చే సొమ్మది. కానీ బడ్జెట్ దాన్ని రాబడి కిందే రాసుకుంటుంది. ఆస్తి అమ్మిన డబ్బు జీతంలో కలిసిపోయినట్టే. 2015 నుంచి ఉన్న జిల్లా ఖనిజ ఫౌండేషన్లు తాగునీరు, వైద్యం, చదువులకు ఖర్చు చేస్తాయి. అవసరమే, కానీ అది పొదుపు కాదు. పొదుపు కావాలన్న మాట గోవా విషయంలో 2014లో సుప్రీంకోర్టు చెప్పింది. ఇనుప ఖనిజం అమ్మకాల్లో 10 శాతాన్ని శాశ్వత నిధిలో వేయమంది.

కోహీర్ అడగాల్సింది

2015 ఫిబ్రవరిలో లాటరైట్‌ను చిన్నతరహా ఖనిజాల జాబితాలో చేర్చారు. దానితో నియమాలు రాసే అధికారం రాష్ట్రానికి వచ్చింది. పైగా ఇది రాయి మాత్రమే కాదు. రంధ్రాలున్న లాటరైట్ వాననీటిని పట్టి ఉంచుతుంది. బీదర్‌లో బహమనీల నాటి కరేజ్ నీటి సొరంగాలు ఈ గుణం మీదే ఆధారపడ్డాయి. ఎర్రరాయి పోతే దానితోపాటు నీటిని నిలిపే పొరా పోతుంది. చిన్నతరహా ఖనిజాలపై రాష్ట్రం వసూలు చేసే సీనరేజి రేటులో ఆ నష్టానికి ధర లేదు.

చిన్న ఊళ్లు ఏం చేయగలవంటారా? చమురు నిధి పెట్టుకోని బ్రిటన్‌లోనే షెట్లాండ్ దీవుల స్థానిక మండలి 1974లో ప్రత్యేక చట్టం సాధించింది. చమురు కంపెనీలతో బేరమాడి, వచ్చిన సొమ్ముతో 1976లో ట్రస్టు పెట్టుకుంది. లండన్ దాచనిది షెట్లాండ్ దాచుకుంది.

కోహీర్‌కూ అంత పెద్ద కోరికలేం అక్కర్లేదు. ఏటా మూడు అంకెలు బోర్డు మీద రాయిస్తే చాలు: ఎన్ని టన్నులు వెళ్లాయి, ఎంత సొమ్ము వచ్చింది, అందులో ఎంత దాచారు. మూడో అంకె సున్నా అయితే, ఆ ఏడాది ఊరు సంపాదించలేదు, ఆస్తి అమ్ముకుని ఖర్చు పెట్టేసింది.