ఒక టిక్కు, రెండు టిక్కులు, అమ్మ

ఫస్టియర్‌లో ఒక రాత్రి, మర్నాడు ఇంటర్నల్స్ ఉన్నాయని డేటా ఆపేసి, ఫోన్ సైలెంట్‌లో పెట్టి చదువుకుంటూ నిద్రపోయా. పొద్దున చూస్తే అమ్మవి పదకొండు మిస్డ్ కాల్స్. డేటా ఆన్ చేయగానే మెసేజ్ వచ్చింది: "ఒక్క టిక్కే పడుతోంది నాన్నా, ఏమైంది?" ఆ రాత్రంతా అమ్మ నిద్రపోలేదని తర్వాత చెల్లి చెప్పింది.

ఆ వారం ఇంటికెళ్లి అమ్మకి వాట్సాప్ టిక్కుల సంగతి పోస్టాఫీసుతో పోల్చి చెప్పా. ఒక టిక్కు అంటే ఉత్తరం పోస్టాఫీసుకి, అంటే సర్వర్‌కి చేరింది. రెండు టిక్కులంటే నా ఫోన్‌కి వచ్చింది. నీలం రంగంటే నేను తెరిచాను. నా డేటా ఆగి ఉంటే మెసేజ్ 30 రోజుల వరకు సర్వర్‌లోనే ఆగుతుంది. కాబట్టి ఒక్క టిక్కు అంటే ప్రమాదం అని కాదు. అవతలివాళ్లు బ్లాక్ చేసినా ఒక్క టిక్కే ఉంటుందని కూడా చెప్పా.

"నువ్వు చేశావా?" అంది వెంటనే. "ఛ, లేదమ్మా" అన్నా.

"సరే, నీలం వచ్చాక కూడా జవాబు రాకపోతే దానర్థం ఏంటి?"

దానికి నా దగ్గర పోస్టాఫీసు పోలిక లేదు.

నిజానికి అప్పటికే నీలం టిక్కులు ఆపేద్దామని సెట్టింగ్స్ దాకా వెళ్లొచ్చా. అవి వచ్చింది 2014లో. వాటిని ఆపేస్తే అవతలివాళ్లు చదివారో లేదో మనకీ కనబడదు. ఇంకో సంగతి, గ్రూపులకీ వాయిస్ మెసేజులకీ ఆ సెట్టింగ్ పనిచేయదు. వాయిస్ వినగానే పంపినవాళ్లకి మైక్ బొమ్మ నీలంగా మారుతుంది. అమ్మ టైప్ చేసేది తక్కువ, పంపేవన్నీ వాయిస్‌లే. అంటే ఆపేసినా అమ్మకి తెలిసిపోయేదే!

చివరికి ఇద్దరం ఒక ఒప్పందానికి వచ్చాం. రాత్రి తొమ్మిదిన్నరకి నేనొక మిస్డ్ కాల్ ఇవ్వాలి, అమ్మ ఎత్తకూడదు. "బాగానే ఉన్నా" అని దానర్థం. కాల్‌కి డబ్బులు లెక్కపెట్టుకునే రోజుల్లో అందరూ చేసిన పనే ఇది. మన సీఎస్‌ఈ భాషలో చెప్పాలంటే ఒక్క బిట్ సమాచారం. డేటా అక్కర్లేదు, పరీక్షల ముందురోజు కూడా పది సెకన్లు చాలు.

నిన్న మాత్రం మర్చిపోయా. తొమ్మిది ముప్పై ఐదుకి అమ్మే మిస్డ్ కాల్ ఇచ్చింది. నేనూ ఎత్తలేదు, వెంటనే తిరిగి ఒకటి ఇచ్చా.