ఉప్పుమూట పెట్టె - టర్బో ఇంజను

చిన్నప్పుడు ఉప్పుమూట ఆట ఆడనివారు మనలో ఉండరు. ఒకడి వీపు మీద ఇంకొకడు ఎక్కి వీధంతా తిరగడమే ఆ ఆట. ఇంగ్లీషువాళ్ళు దీన్నే పిగ్గీబ్యాక్ అంటారు. కారు ఇంజన్లకు బిగించే ఒక చిన్న పెట్టెకు కూడా ఈ పేరే పెట్టారు. కారులో కంపెనీవాళ్ళు పెట్టిన కంప్యూటరు ఒకటి ఉంటుంది గదా, దాన్ని తియ్యకుండా, దానిలో ఏదీ మార్చకుండా, దానికి వచ్చే తీగెల మధ్యలో ఈ పెట్టె ఎక్కి కూర్చుంటుంది. ఆటలో కిందివాడికి తన వీపు మీద ఎవడున్నాడో తెలుసు. కారు కంప్యూటరుకు మాత్రం తెలియదు. చిక్కంతా అక్కడే ఉంది.

ఈ వ్యాసం వ్రాయడానికి కారణం మా బావగారి కారు. ఆయనకు అనకాపల్లిలో ఎరువుల కొట్టు ఉంది. 2023లో ఒక టర్బో పెట్రోలు కారు సెకండ్ హాండులో కొన్నారు. బండి బాగానే ఉన్నా, మెకానికు ఒకాయన "పెట్టె ఒకటి తగిలిస్తే పికప్ అదిరిపోతుంది" అన్నాడట. బావగారు నాకు ఫోన్ చేశారు. "ఏమోయ్, ఫిజిక్సు చదువుతున్నావు గదా, పెట్టించమంటావా?" అన్నారు. అప్పుడు నేను రెండో సంవత్సరంలో ఉన్నాను. థెర్మోడైనమిక్సులో మంచి మార్కులు వచ్చిన ధీమా మీద, "పెట్టించండి బావగారూ, ఇంజన్లో ఏమీ మార్చడం లేదు గదా!" అన్నాను. ఆ మాట ఎంత తప్పో తెలుసుకోవడానికి నాకు ఏడాది పట్టింది.

ముందుగా టర్బో సంగతి చూద్దాం. ఇంజను నుంచి పొగగొట్టంలోకి పోయే వేడి వాయువుకు ఇంకా బోలెడు శక్తి ఉంటుంది. ఆ శక్తితో ఒక చిన్న చక్రాన్ని తిప్పి, అదే ఇరుసు మీదున్న ఇంకో చక్రంతో బయటి గాలిని ఒత్తిపట్టి సిలిండర్లలోకి తోస్తారు. స్విస్ ఇంజనీరు ఆల్‌ఫ్రెడ్ బ్యూషీ 1905లోనే దీనికి పేటెంటు తీసుకున్నాడు. గాలి ఎక్కువ దూరితే పెట్రోలు ఎక్కువ కాల్చవచ్చు. చిన్న ఇంజనే పెద్ద ఇంజను పని చేస్తుంది.

అయితే పెట్రోలు ఎంత పొయ్యాలో, స్పార్కు ఎప్పుడు ఇవ్వాలో ఎవరు చెప్పాలి? ఆ పని కంప్యూటరుది. గాలి ఒత్తిడి చెప్పే సెన్సారు, గాలి వేడి చెప్పే సెన్సారు, ఇంజను ఎన్ని చుట్లు తిరుగుతున్నదో చెప్పే సెన్సారు, ఇలా ఎన్నో దానికి కబుర్లు పంపుతుంటాయి. కంప్యూటరు తనలో దాచుకున్న పట్టికలు చూచి ఆజ్ఞలు ఇస్తుంది. మా వైపు రైతులకు చెప్పాలంటే అది సొసైటీ ఆఫీసులాంటిది. అడంగలులో ఎన్ని ఎకరాలని వ్రాసి ఉంటే దాన్ని బట్టి ఎరువు, విత్తనం, అప్పు అన్నీ నిర్ణయం అవుతాయి. అడంగలులో ఒక అంకె తప్పు పడితే ఎరువు బస్తాలు ఒక్కటే కాదు, మిగతావన్నీ తప్పుతాయి.

పెట్టె చేసే పని ఆ అంకెను దిద్దడమే. ఒత్తిడి సెన్సారు నుంచి వచ్చే వోల్టేజీని కాస్త తగ్గించి కంప్యూటరుకు అందిస్తుంది. "అరె, కావలసిన ఒత్తిడి ఇంకా రాలేదే" అని కంప్యూటరు టర్బోను మరింత తిప్పుతుంది. నిజానికి ఒత్తిడి ఎప్పుడో దాటిపోయి ఉంటుంది. బండి దూకుతుంది. బావగారికి సంతోషం, మెకానికుకు సంతోషం.

ఇప్పుడు చిన్న లెక్క. లెక్కలు గిట్టనివారు ఈ పేరా దాటవేయవచ్చు. సిలిండర్లలోకి వెళ్ళే గాలి నిజమైన ఒత్తిడి 2.1 బార్లు, పెట్టె చెప్పినది 1.8 బార్లు అనుకుందాం. ఈ అంకెలు నాకు ఎక్కడివో చివర చెబుతాను. వేడి ఒకటే అయితే గాలి ద్రవ్యరాశి ఒత్తిడికి అనులోమానుపాతంలో ఉంటుంది. అంటే కంప్యూటరు అనుకున్న దానికంటే దాదాపు 17 శాతం ఎక్కువ గాలి లోపలికి వచ్చింది. పెట్రోలు పూర్తిగా కాలడానికి ఒక పాలు పెట్రోలుకు 14.7 పాళ్ళ గాలి కావాలి. కాని టర్బో ఇంజను గట్టిగా లాగుతున్నప్పుడు కావాలనే పెట్రోలు ఎక్కువ పోస్తారు, నిష్పత్తి 12 దగ్గర ఉంచుతారు. ఆ అదనపు పెట్రోలు ఆవిరై లోపలి వేడిని లాగేస్తుంది. కంప్యూటరు 12 అనుకొని పోసినప్పుడు, గాలి 17 శాతం ఎక్కువైతే నిష్పత్తి 14 అవుతుంది. చల్లదనం కోసం పోసిన పెట్రోలు కాస్తా లేకుండాపోయింది. ఇక వేడి సంగతి. మే నెలలో బయట గాలి 40 డిగ్రీలు అనుకోండి. ఏ నష్టమూ లేని కంప్రెసరైనా దాన్ని 1.8 బార్లకు ఒత్తితే 97 డిగ్రీలు, 2.1 బార్లకు ఒత్తితే 114 డిగ్రీలు అవుతుంది. నిజం కంప్రెసర్లో ఇంకా ఎక్కువే. మధ్యలో ఇంటర్‌కూలరు ఉంటుంది గాని, దాని శక్తికీ హద్దు ఉంది.

పొగగొట్టంలో ఆక్సిజన్ సెన్సారు ఉంటుంది, పెట్రోలు తగ్గితే అదే కనిపెట్టి సర్దుతుంది గదా అని మా సీనియరు ఒకాయన అడిగారు. నిజమే, చాలావరకు సర్దుతుంది. అందుకే పెట్టె పెట్టిన బండ్లు మొదటి రోజే పగిలిపోవు. కాని ఆ సర్దుబాటు కాలిపోయిన పొగను చూచి చేసేది. జరిగిపోయిన దానికి దిద్దుబాటు అన్నమాట. పైగా కంప్యూటరు ఆ సర్దుబాటును గుర్తుపెట్టుకొని, అవసరం లేనిచోట కూడా వాడుతుంది.

అసలు ప్రమాదం పెట్రోలు దగ్గర కాదు, స్పార్కు దగ్గర. పెట్రోలు తప్పును కనిపెట్టే సెన్సారు ఉంది. స్పార్కును మాత్రం ఒత్తిడి, చుట్లు చూచి పట్టిక ప్రకారం ఇవ్వడమే. ఒత్తిడి ఎక్కువైన కొద్దీ స్పార్కును ఆలస్యంగా ఇవ్వాలి, ఎందుకంటే దట్టమైన మిశ్రమం త్వరగా మండుతుంది. 2.1 దగ్గర ఇవ్వవలసిన స్పార్కును కంప్యూటరు 1.8 గడిలోనుంచి తీసి ముందుగా ఇచ్చేస్తుంది. పిస్టన్ ఇంకా పైకి వస్తుండగానే మంట ఒత్తిడి దాని నెత్తిన పడుతుంది. మంట చేరకముందే మూలలో మిగిలిన మిశ్రమం ఆ ఒత్తిడికి, వేడికి దానంతటదే భగ్గుమంటుంది. దీన్నే నాకింగ్ అంటారు. రేకు డబ్బాలో గులకరాళ్ళు ఆడించిన శబ్దం వస్తుంది. జపాన్‌లో 1990లలో అపెక్సి కంపెనీవారి ఎస్-ఎ.ఎఫ్.సి. అనే పెట్టె కుర్రకారులో బాగా వాడుకలో ఉండేది. అది గాలి సెన్సారు కబురును మార్చి పెట్రోలు సర్దేది. పెట్రోలు తగ్గిద్దామని కబురు తగ్గిస్తే స్పార్కు దానంతటది ముందుకు జరిగేది. పేరుకు పెట్రోలు పెట్టె, చెయ్యి పడేది రెండింటి మీద.

ఈ నాకింగ్ టర్బో పుట్టినప్పటి నుంచీ వెంటాడుతున్న శత్రువే. 1962లో అమెరికాలో ఓల్డ్స్‌మొబైల్ వారు జెట్‌ఫైర్ అనే టర్బో కారు తెచ్చారు. నాకింగ్ రాకుండా మిథనాలు, నీళ్ళు కలిపిన ద్రవాన్ని గాలిలోకి చల్లే ఏర్పాటు అందులో ఉండేది. యజమానులు పెట్రోలు పోయిస్తారు గాని, ఆ ద్రవం ఎవరు నింపుతారు? చాలామంది మానేశారు. ఆ మోడలు 1963తో ఆగిపోయింది. తర్వాత కంపెనీవారే ఎన్నో కార్లకు టర్బో తీసి మామూలు కార్బురేటరు బిగించి ఇచ్చారు. నాకు నచ్చిన సంగతి ఏమంటే, ద్రవం అయిపోతే టర్బో ఒత్తిడిని తగ్గించేసే కవాటం ఆ కారులో ఉంది. కంప్యూటర్లు లేని ఆ రోజుల్లోనే, ద్రవం లేదన్న నిజం ఇంజనుకు తెలిసేది, తనను తాను కాపాడుకునేది.

నేటి కార్లకు నాకింగ్ వినే సెన్సారు ఉంటుంది. సిలిండరులో ఆరేడు కిలోహెర్ట్జ్ దగ్గర వచ్చే మోతను విని స్పార్కును వెనక్కి లాగుతుంది. మెకానికులు దీన్ని చూపించే ధైర్యం చెబుతారు. కాని కంపెనీవాడు దాన్ని పెట్టింది కల్తీ పెట్రోలుకూ, ఎండాకాలానికీ, అప్పుడప్పుడు వచ్చే ఇబ్బందికీ. మనం ఆ రక్షణను రోజువారీ కూలికి పెడుతున్నాం. మా మెట్ట ప్రాంతంలో బోరు మోటారు స్టార్టరు ఊరికే పడిపోతున్నదని ఓవర్‌లోడు రిలేకు పుల్ల ఆనించేవాళ్ళు ఉన్నారు. ఆ పూటకు నీళ్ళు వస్తాయి. మోటారు వైండింగు ఎప్పుడు కాలుతుందో చెప్పలేం.

ఇంకొక రకం నాకింగ్ ఉంది, దానికి ఈ సెన్సారు కూడా పనికిరాదు. సిలిండరులోకే నేరుగా పెట్రోలు చిమ్మే చిన్న టర్బో ఇంజన్లలో, తక్కువ చుట్ల మీద, పెద్ద గేరులో, యాక్సిలేటరు గట్టిగా తొక్కినప్పుడు వస్తుంది. గోడ మీది ఇంజనాయిలు, పెట్రోలు కలిసిన బొట్టు ఒకటి ఎగిరిపడి, స్పార్కు రాకముందే మిశ్రమాన్ని అంటిస్తుంది. స్పార్కే రాలేదు, ఇక దేన్ని వెనక్కి లాగుతుంది? ఒక్క దెబ్బకే పిస్టన్ రింగుల మధ్య గట్టు విరిగిపోవచ్చు. ఇది తగ్గడానికే అమెరికా పెట్రోలియం సంస్థవారు 2018లో ఇంజనాయిలుకు ఎస్.ఎన్. ప్లస్ అనే కొత్త ప్రమాణం పెట్టారు. తక్కువ చుట్ల దగ్గర టర్బో ఒత్తిడి ఎంత పెంచితే ఈ గండం అంత దగ్గరకు వస్తుంది. పెట్టె పెంచేది సరిగ్గా దాన్నే, పికప్ అంటే అదే గదా!

2024 మే నెలలో మా అక్క, బావగారు, పిల్లలిద్దరు, నేను ఆ కారులో అరకు బయలుదేరాం. శృంగవరపుకోట దాటి అనంతగిరి ఘాటు ఎక్కుతున్నాం. అయిదుగురు మనుషులు, ఎ.సి., ఎండ. ఎత్తుకు పోయేకొద్దీ బయటి గాలి పలుచనవుతుంది. అదే ఒత్తిడి ఇవ్వడానికి టర్బో ఇంకా వేగంగా తిరగాలి, గాలి ఇంకా వేడెక్కుతుంది. ఒక మలుపులో బావగారు గేరు మార్చకుండా మూడో గేరులోనే అదిమి తొక్కారు. ఒకటే పెద్ద చప్పుడు. తర్వాత ఇంజను కుంటడం, వెనక నీలం పొగ. పిల్లలు భయపడ్డారు. రోడ్డు పక్క రెండు గంటలు కూర్చున్నాం. ఆ రెండు గంటల్లో నేను "ఏమీ మార్చడం లేదు గదా" అన్న మాట కనీసం వందసార్లు గుర్తుకు వచ్చింది.

హెడ్డు విప్పితే రెండో సిలిండరు పిస్టన్‌కు రింగుల గట్టు ముక్క ఊడి ఉంది, బోరు గీరుకుపోయింది. ఖర్చు లక్షా నలభై వేలు. పెట్టె ఖరీదు పద్దెనిమిది వేలు. నాన్న పొగాకు వేలం డబ్బుల్లోంచి అరవై వేలు బావగారికి సర్దాడు. నన్ను ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేది.

న్యాయంగా చెప్పాలంటే, పెట్టెలన్నీ ఒకటి కావు. వేడి, చుట్లు కూడా చదివి, హద్దు దాటితే తప్పుకునేవి ఉన్నాయి. డీజిలు బండ్లకు వచ్చే పెట్టెలు గాలి ఒత్తిడికి బదులు డీజిలు రైలు ఒత్తిడి విషయంలో ఇదే తంతు నడిపిస్తాయి. అక్కడ నాకింగ్ భయం లేదు గాని నల్లపొగ, టర్బో వేడి పెరుగుతాయి. నిజంగా శక్తి కావలసినవాడు కంప్యూటరులోని పట్టికలనే తిరగరాయించాలి. అప్పుడు 2.1 బార్లను కంప్యూటరు 2.1 అనే చదువుతుంది, స్పార్కు, పెట్రోలు దానికి తగినట్టే ఇస్తుంది. అదీ డైనమోమీటరు మీద నిలబెట్టి, నాకింగ్ కొలుస్తూ చేసేవాడి దగ్గరే. కంపెనీ ఇచ్చిన రూపాన్ని మార్చడానికి మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను అడ్డు వస్తుందన్న సంగతి కూడా తెలిసి చెయ్యాలి.

మరమ్మతు అయ్యాక బావగారు పెట్టె ఊడదీయించి నాకు ఇచ్చేశారు. ఎలక్ట్రానిక్సు ల్యాబులో మా లెక్చరరుగారి అనుమతితో దానికి పవర్ సప్లయి ఇచ్చి చూశాం. సెన్సారు చివర 3 వోల్టులు ఇస్తే కంప్యూటరు చివర 2.57 వచ్చింది. పైన చెప్పిన 2.1, 1.8 ఆ నిష్పత్తిలోంచి తీసినవే. మూత కింద చిన్న స్క్రూ ఒకటి ఉంది, దాన్ని తిప్పితే ఆ అంకె ఇంకా తగ్గుతుంది. పెట్టె ఇప్పుడు నా హాస్టలు గదిలో బల్ల సొరుగులో ఉంది. స్క్రూను మాత్రం మెకానికు ఆపినచోటే ఉంచాను.