మీటల కూర్పుపై హక్కెవరిది?

కృష్ణా తుంగభద్రల నడుమనున్న రాయచూరు అంతర్వేదియందు, తెలుగు నేల పొలిమేరకు చేరువగా యాపలదిన్ని యను గ్రామము కలదు. 1956 నవంబరు 1వ తేదీ వరకు ఈ సీమ హైదరాబాదు రాష్ట్రములోనిది; ఆనాడు గీచిన గీత రాయచూరును కన్నడ రాష్ట్రమున చేర్చెనే కాని, ఇండ్లలోని తెలుగును కదల్పలేదు. ఇంట తెలుగు, బడిలో కన్నడము, పహణీ కాగితముపై కన్నడము, బంధువులకు పంపు శుభలేఖపై తెలుగు. ఇట్లు రెండు లిపులతో కాలము గడుపు సరిహద్దువారికి కంప్యూటరు ముందు కూర్చుండగనే తోచు మొదటి సందేహము, ఏ మీట నొక్కిన 'క' వచ్చునన్నది. లినక్సు వ్యవస్థలలో తెలుగునకు గల కీబోర్డుల జాబితాలు తెరచి చూచినచో ఇన్‌స్క్రిప్ట్, కగప, సరళ, పోతన, ఆపిల్, ఆర్.టి.ఎస్. అను పేర్లు కనబడును. వీనిలో నొకటి ప్రభుత్వము నిర్ణయించిన ప్రమాణము. ఒకటి కన్నడదేశమునుండి వచ్చినది. ఒకటి అమెరికాలోని రైస్ విశ్వవిద్యాలయమున చదివిన తెలుగువారు కల్పించినది. వేరొకటి యొక ప్రసిద్ధ వ్యాపారసంస్థ పేరునే మోయుచున్నది. ఇన్నింటిని స్వేచ్ఛా సాఫ్ట్‌వేరు తనలో నిముడ్చుకొన్నది. ఇందులకు అనుమతి యెవరిచ్చిరి, అసలు అనుమతి వలయునా, అను ప్రశ్నకు సమాధానము కావలెనన్నచో ఈ మీటల వరుస పుట్టుకనుండి చెప్పవలసియున్నది.

మిల్వాకీ నగరమున పత్రికా సంపాదకుడైన క్రిస్టఫర్ లేథమ్ షోల్స్ తన సహచరులతో గూడి నిర్మించిన టైపురైటరునకు 1868లో పేటెంటు లభించెను. ఆ తొలి యంత్రపు మీటలు పియానో మెట్లను పోలియుండెను. 1873లో తుపాకుల తయారీకి పేరుగన్న రెమింగ్టన్ సంస్థ దానిని తయారుచేయుటకు ఒప్పుకొనెను. 1878లో షోల్స్ పొందిన మరియొక పేటెంటులో నేడు మనమెరిగిన వరుస ఇంచుమించుగా ఏర్పడియున్నది. టైపు చేయువాని వేగమును తగ్గించుటకే అక్షరములను చెదరగొట్టిరను కథ లోకమున వ్యాపించియున్నది కాని, దానిని పండితులందరు ఒప్పుకొనరు. నాకును అది చమత్కారముకొరకు పుట్టిన కథవలెనే తోచును. 1936లో ఆగస్టు ద్వోరాక్, విలియం డీలీ అనువారు శాస్త్రీయమని చెప్పుచు వేరొక వరుసకు పేటెంటు తెచ్చుకొనిరి. ఆ పేటెంటు గడువు ఏనాడో తీరినది. ఆ వరుస నేడు ఉచితముగా ప్రతి కంప్యూటరునందును లభించుచున్నది. అయినను లోకము దానిని వాడుట లేదు. కొత్త వరుసను చట్టము రక్షింపగలిగినది కాని, పాతవరుసకు మరగిన వ్రేళ్లను దానివైపు మరల్పలేకపోయినది.

మన దేశమున కేంద్రప్రభుత్వపు ఎలక్ట్రానిక్స్ శాఖ 1986లో భారతీయ లిపులన్నింటికి ఒకే కీబోర్డును నిర్ణయించెను. 1991లో భారతీయ ప్రమాణముల సంస్థ ఇస్కీ అను భారతీయ అక్షరసంకేతముతోపాటు దానిని ఐ.ఎస్. 13194 సంఖ్య క్రింద ప్రకటించెను. అదియే ఇన్‌స్క్రిప్ట్. అచ్చులు ఎడమచేతికి, హల్లులు కుడిచేతికి వచ్చునట్లు పంచిన యీ కూర్పునందు, బ్రాహ్మీలిపి సంతానమైన వర్ణమాలలన్నియు ఏకక్రమమున నుండుటచేత, తెలుగు 'క'కును కన్నడ 'క'కును మీట ఒక్కటే. సరిహద్దు గ్రామమునకు ఇంతకంటె అనుకూలమైనది వేరొకటి యుండునని యెవరును తలంపరు. కాని డీటీపీ అంగళ్లలో ఏండ్ల తరబడి 'అను' అను పేరుగల ఫాంట్లతో, ఆపిల్ లేక మాడ్యులర్ అని పిలువబడు కూర్పులతో పుస్తకములును కరపత్రములును కూర్చినవారు దీనివైపు కన్నెత్తి చూడలేదు. వారిని లినక్సునకు రప్పింపవలెనన్నచో వారి వ్రేళ్లకు తెలిసిన కూర్పునే అందీయవలెను; అనుకరణమునకు మూలకారణమిది. జపానుదేశపు పరిశోధకులు నిర్మించిన ఎం17ఎన్ అను స్వేచ్ఛా సాఫ్ట్‌వేరు గ్రంథాలయమున తెలుగు ఆపిల్, పోతన పట్టికలు చేరుట యీ ఆవశ్యకతకు తగినదే.

కన్నడమున కథ సుఖాంతమైనది. టాటా మూలపరిశోధన సంస్థయందును, మోనోటైప్ సంస్థయందును పనిచేసిన కిన్నికంబళ పద్మనాభరావుగారు ఇంగ్లీషు మీటయొక్క ధ్వనినే ఆధారము చేసికొని, 'కె' నొక్కిన క, షిఫ్టుతో నొక్కిన ఖ, 'ఎఫ్' నొక్కిన పొల్లు వచ్చునట్లు ఒక వరుసను కల్పించి, దానిపై రుసుము గోరక లోకమునకు విడిచిపెట్టిరి. కర్ణాటక ప్రభుత్వము స్వల్పమైన మార్పులతో దానిని రాష్ట్రప్రమాణముగా గ్రహించెను. కన్నడ గణక పరిషత్తు వారి నుడి సాఫ్ట్‌వేరు దానిని కార్యాలయములకు చేర్చెను. పరిషత్తు పేరులోని మొదటి అక్షరములే కగపయై, లినక్సునందు కన్నడమునకే కాక తెలుగునకును ఒక కూర్పుగా నిలిచినవి.

వంగదేశమున ఇట్లు జరుగలేదు. 1988లో ముస్తఫా జబ్బార్ విజయ్ అను బెంగాలీ కీబోర్డును వ్యాపారముగా ప్రవేశపెట్టెను. 2003లో మెహదీ హసన్ ఖాన్ అను వైద్యవిద్యార్థి అభ్ర అను సాఫ్ట్‌వేరును ఉచితముగా పంచిపెట్టసాగెను. పాత అలవాటు గలవారి సౌకర్యార్థము అందులో యూనివిజయ్ అను ఒక కూర్పును చేర్చుటతో వివాదము పుట్టెను. అది తన కూర్పునకు నకలని జబ్బార్ 2010లో బంగ్లాదేశ్ కాపీరైటు కార్యాలయమున ఫిర్యాదు చేసెను. కొన్ని మీటలు వేరుగా నున్నవని అభ్రవారు వాదించిరి. పత్రికలయందును అంతర్జాలమునందును పెద్ద కోలాహలము చెలరేగెను. న్యాయస్థానము తీర్పు చెప్పు దశ రాకముందే జూన్ మాసమున ఉభయులు ఒడంబడిక చేసికొనిరి. ఆగస్టులో వెలువడిన అభ్ర సంచికనుండి యూనివిజయ్ తొలగింపబడెను. అభ్రయొక్క మూలసంకేతము పిమ్మట బహిరంగమైనది. మీటల కూర్పునకు కాపీరైటు కలదా అను ప్రశ్న తేలకయే పోయినది. ఉచితముగా పనిచేయువానికి వకీలు ఖర్చే శిక్ష యగునని మాత్రము తెలిసినది.

అమెరికాలో ఆ ప్రశ్నకు సమీపమైన దానిపై న్యాయస్థానము పలికియున్నది. లోటస్ 1-2-3 అను లెక్కలపట్టికల సాఫ్ట్‌వేరునందలి 469 ఆజ్ఞల అమరికను బోర్లాండ్ సంస్థ తన క్వాట్రో అను సాఫ్ట్‌వేరునందు వాడుకొనగా లోటస్ దావా వేసెను. 1995లో మొదటి సర్క్యూట్ అప్పీళ్ల న్యాయస్థానము, ఆ అమరిక యంత్రమును నడుపు పద్ధతియేగాని కాపీరైటు పొందదగిన రచన కాదనెను. మరుసటి యేట సర్వోన్నత న్యాయస్థానమున అభిప్రాయములు నాలుగు నాలుగుగా చీలి, క్రింది తీర్పే నిలిచెను. కాపీరైటు కాపాడునది వ్రాసిన సంకేతమును. ఒకడు దానిని చూడక తానై వేరుగా వ్రాసికొన్నచో, ఫలితము సమానమైనను నేరము కాదు. పేటెంటు అట్లు కాదు; స్వయముగా కనుగొన్నవానినిగూడ అది బంధించును. అందుచేతనే స్వేచ్ఛా సాఫ్ట్‌వేరువారికి కాపీరైటుకంటె పేటెంటు భయము హెచ్చు. పైగా స్వేచ్ఛా సాఫ్ట్‌వేరున ప్రసిద్ధమైన జి.పి.యల్. లైసెన్సు పొందినవాడు తాను పొందిన స్వాతంత్ర్యమును తరువాతివానికి యథాతథముగా నందింపవలెను గావున, ఒకరికి మాత్రమే చెల్లు అనుమతి దానితో పొసగదు.

తెరపై కనబడు రూపమును గూర్చియు ఇట్టి తగవే కలదు. మైక్రోసాఫ్ట్ తన ఆఫీసు 2007లోని రిబ్బన్ అను ఆజ్ఞల పట్టీ రూపమును ఇతరులు వాడుకొనుటకు 2006లో ఉచిత లైసెన్సు ప్రకటించి, ఆఫీసుతో పోటీపడు సాఫ్ట్‌వేరునకు మాత్రము దానిని నిరాకరించెను. 2018లో కోరెల్ సంస్థ రిబ్బనును అనుకరించినందులకు 2,78,000 డాలర్లు చెల్లింపవలెనని అమెరికా జ్యూరీ తేల్చినది. స్వేచ్ఛా సాఫ్ట్‌వేరగు లిబ్రేఆఫీసు ఇంచుమించు అట్టిదే యగు ట్యాబుల పట్టీని 2019లో వాడుకదారులందరికి అందించినది. ఆ రెంటి నడుమ, హైదరాబాదులో పుట్టిన సత్య నాదెళ్ల నాయకత్వమున మైక్రోసాఫ్ట్ లినక్సును కాపాడు ఓపెన్ ఇన్వెన్షన్ నెట్‌వర్కున చేరి 60,000కు పైగా పేటెంట్లను దాని నిబంధనల క్రిందికి తెచ్చెను.

భారతదేశమున పేటెంట్ల చట్టము 3(కె) విభాగము కేవల కంప్యూటర్ ప్రోగ్రామునకు పేటెంటు నిరాకరించును. 2004 డిసెంబరులో వచ్చిన ఆర్డినెన్సు ఈ కంచెను సడలింపజూచెను. 2005లో పార్లమెంటు ఆ సడలింపును త్రోసివేసెను. ఇక మిగిలినది పేరు. మీటల వరుసను ఎవడైనను తిరిగి కూర్పవచ్చునని వాదించుట సులభమే. ఆ కూర్పునకు ఆపిల్ అను వాణిజ్యచిహ్నము తగిలించుట వేరు సంగతి. ఎం17ఎన్ గ్రంథాలయమున నేటికిని తెలుగు పట్టిక ఆ పేరుతోనే యున్నది. పట్టికను పేరు మార్చి ఉంచుకొనుటకు ఒక పంక్తి దిద్దిన చాలును. ఆ పేరుతోనే దానిని వెదకు డీటీపీ పనివానికి అప్పుడది కనబడకపోవచ్చును.